రెండు బొమ్మలు, ఒక సూది

పోయిన వారం మా పెద్దమ్మ దినాలకు నల్లచెరువు వెళ్లొచ్చాను. వాడలో అందరిదీ ఒకటే మాట: "రాత, ఏం చేస్తాం." అక్కడ నోరు పెగల్లేదు. జవాబు ఇక్కడ రాస్తున్నా.

రెండేళ్ల కింద పెద్దమ్మకు పెద్దపేగు క్యాన్సర్‌ ఆపరేషన్ అయింది. కడుపు కోశాక నాలుగు నెలలు కూలికి పోలేదు. ఆ అప్పు ఇంకా తీరలేదు. నిరుడు కాలేయంలో చిన్న గడ్డ కనబడింది. "రెండున్నర సెంటీమీటర్లే. ఇంకెక్కడా లేకుంటే ఈసారి కోత వద్దు, సూదితో కాల్చేయొచ్చు. ముందు పెట్-సీటీ తీయించండి" అన్నాడు డాక్టరు.

పెద్దమ్మ అడిగింది ఒకటే: "ఎన్ని దినాలు పని పోతుంది నాయనా?"

"ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలో, ఇంకొన్నాళ్లు ఇంట్లో."

ఆమె మొహం తేటపడింది.

ఈ వైద్యం ఎట్లా పనిచేస్తుందో మన పిల్లలకు తెలియాలి. సీటీ గడ్డ ఆకారం, చోటు చూపిస్తుంది. పెట్ దాని పనితీరు చూపిస్తుంది. చాలా రకాల క్యాన్సర్ కణాలు చక్కెరను ఆబగా లాక్కుంటాయి. రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన చక్కెరను నరంలోకి ఎక్కిస్తే అవి ఉన్నచోట బొమ్మ మెరుస్తుంది. రెండు బొమ్మల్నీ ఒకదానిమీద ఒకటి పరిస్తే జబ్బు ఎక్కడుంది, ఎక్కడికి పాకింది తెలుస్తుంది. తర్వాత అల్ట్రాసౌండ్ తెరమీద కదిలే కాలేయాన్ని, ముందే తీసిన సీటీ లేదా ఎమ్మారై బొమ్మతో జతచేసి, సూది మొనను గడ్డలోకి నడిపి వేడితో మాడ్చేస్తారు. గడ్డ మూడు సెంటీమీటర్ల లోపు ఉన్నప్పుడే ఇది బాగా పనిచేస్తుంది.

ఆ చక్కెర మందు బలం 110 నిమిషాలకోసారి సగమైపోతుంది. అందుకే ఈ స్కాన్లు పెద్ద నగరాల చుట్టే ఉంటాయి. మందు మన దగ్గరికి రాదు, మనమే పోవాలి. కార్డు కాగితాలు, అనుమతి, వాయిదా పడిన తేదీ, తోడుగా కూలి మానుకుని వచ్చే మనిషి. పదకొండు వారాలు గడిచాయి. స్కాన్ అయ్యేసరికి గడ్డ ఐదు సెంటీమీటర్లు, పక్కన ఇంకో రెండు. సూది వేళ దాటిపోయింది.

పెద్దమ్మను చంపింది రాత కాదు, వాయిదా.

"పీహెచ్‌సీలో జ్వరం బిళ్లలకే దిక్కులేదు, పెట్-సీటీ ఎందుకు?" అంటారు మనవాళ్లే కొందరు. నేను ఒప్పుకోను. జీతం ఆగని ఉద్యోగి పెద్ద కోతను ఓర్చుకోగలడు. ఒళ్లు వంచితేనే పొయ్యి వెలిగే ఇంట్లో కోత అంటే నాలుగు నెలల ఆకలి. చిన్న సూది అందరికన్నా ముందు అందాల్సింది శెనక్కాయలు పీకే చేతులకే. బిళ్లా కావాలి, సూదీ కావాలి.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన పాత అనంతపురం ఒకటి. ప్రజారోగ్యం మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక బాధ్యతల్లో ఒకటని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతుంది. కార్డు ఇస్తే బాధ్యత తీరదు. స్కాన్‌కు గడువు, దారి ఖర్చు, పోయిన కూలి కూడా లెక్కలోకి రావాలి.

విద్యార్థి మిత్రులకు ఒక పని. సమాచార హక్కు కింద అడగండి: సూదితో గడ్డను కాల్చే వైద్యం ఏ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉంది? డాక్టరు రాసిన రోజుకూ స్కాన్ తీసిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు? అందులో ఎస్సీ, ఎస్టీ రోగులు ఎన్ని రోజులు ఆగారు?

జవాబులు వచ్చాక మళ్లీ రాస్తా.

జై భీమ్.