అనిశ్చితి చెప్పని అంకె అసంపూర్ణము

సిడ్నీ నగరమందలి లిండ్‌ఫీల్డు ప్రయోగశాలలో, ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధనాసంస్థయగు సి.ఎస్.ఐ.ఆర్.ఓ. నిపుణులు 2008వ సంవత్సరమున సిలికాన్-28 స్ఫటికమునకు మెరుగుపెట్టి, ఒక కిలోగ్రాము ద్రవ్యరాశియు, 94 మిల్లీమీటర్లకు కించిత్తు తక్కువ వ్యాసమును గల గోళములను తీర్చిరి. అందలి పరమాణువులను ఒక్కొక్కటిగా లెక్కించుట మానవమాత్రులకు సాధ్యము గాదు. కావున శాస్త్రజ్ఞులు గోళవ్యాసమును, ద్రవ్యరాశిని, స్ఫటికమున పరమాణువుల నడిమి దూరమును కొలిచి, వానినుండి అవగాడ్రో సంఖ్యను, అనగా ఒక మోల్ పదార్థమందలి కణముల సంఖ్యను, గణించిరి. ఘనపరిమాణము వ్యాసముయొక్క ఘనమును బట్టి యుండును గనుక, వ్యాసమున కోటికి ఒక పాలు అనిశ్చితి యున్నచో, ఘనపరిమాణమున నది మూడుపాళ్లగును. పరస్పరసంబంధము లేని అనిశ్చితులైనచో, తుదిఫలితమునకు అవి కలిగించు భాగములను వర్గించి, కూడి, వర్గమూలము గట్టవలెను. ఇట్లు ప్రతి సందేహమునకును లెక్క చెప్పినందుననే, 2019 మే 20న అమలులోనికి వచ్చిన కిలోగ్రాము నూతన నిర్వచనమునకు ఆ కృషి యొక ఆధారమైనది.

మన దేశమందో, నదీప్రవాహమును, వాయుకాలుష్యమును, పంటదిగుబడిని దెలుపు అంకెలు తిరుగులేని సత్యములవలె అచ్చగుచున్నవి. అనిశ్చితిని వెల్లడించుట అజ్ఞానమును ఒప్పుకొనుట యని అధికారులు సంకోచింపనక్కరలేదు. అది కొలిచినవాని నిజాయితీకి గుర్తు. రెండు రాష్ట్రములు నీటివాటాకై వాదులాడునపుడు, వాని అంకెల నడిమి భేదము కొలతయొక్క అనిశ్చితికంటె అధికమో కాదో తెలియనిచో తీర్పెట్లు సాధ్యమగును? కావున ప్రభుత్వశాఖలు ప్రతి అంచనాతోడను దాని అనిశ్చితిని ప్రకటింపవలెను. ప్రకటింపనిచో విలేకరులు అడిగి తెలిసికొనవలెను.