చెంబుకి బదులు చేతి షవర్

మరుగుదొడ్డి గురించి పేపర్లో రాయాలా అని కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. వంటింటి చిట్కాలు వారం వారం చదువుతాం. రోజుకి నాలుగైదుసార్లు వెళ్లే చోటు గురించి మాత్రం గొంతు తగ్గించేస్తాం. ఆ మొహమాటానికి ఎక్కువగా మూల్యం చెల్లించేది ఆడవాళ్లమే.

ఏలూరులో మా ఇంట్లో అత్తగారి మోకాళ్ల నొప్పుల కోసం వెస్టర్న్ కమోడ్ పెట్టించాం. కూర్చోవడం సులువైంది గానీ కొత్త చిక్కు వచ్చిపడింది. పక్కకి వంగి బకెట్లోంచి మగ్గుతో నీళ్లు ముంచుకోవడం ఆవిడ వల్ల కాలేదు. ప్రతిసారీ నన్ను పిలవాలంటే సిగ్గుపడి, మంచినీళ్లు తాగడమే తగ్గించేశారు. ఐదారు వందలు పెట్టి చేతి షవర్ బిగించాక ఆ బాధ తీరింది. దుకాణాల్లో దీన్నే హెల్త్ ఫాసెట్ అంటారు. "ఇంక నిన్ను కేకేయక్కర్లేదమ్మా" అన్నారు. ఆ మాటలోని నిశ్చింత ఎంత ఖరీదైన టైల్సు వేయించినా రాదు.

ఇది డబ్బున్నవాళ్ల సోకు కాదు. ఇటలీలో ప్రతి ఇంట్లో ఒక్క బాత్‌రూములోనైనా కడుక్కునే తొట్టి, అంటే బిడే, ఉండాలని 1975లోనే నిబంధన పెట్టారు. అమెరికాలో మా ఆడపడుచు కూతురు వాళ్లు మోటార్ హోమ్ కొనుక్కున్నారు. చక్రాల మీద ఇల్లన్నమాట. కాగితంతో సరిపెట్టుకోలేక దాని టాయిలెట్‌కీ చవకలో ఒక బిడే బిగించుకున్నారు. అందులో మంచినీళ్లకి ఒక ట్యాంకు, మురుగుకి ఇంకొకటి. ఎంత కడిగితే అంత త్వరగా ఒకటి ఖాళీ, రెండోది నిండుతుంది. అందుకే నీళ్లు చూసి చూసి వాడతారట.

మన కొల్లేటి లంకల్లో నీళ్ల లెక్క ఇంకోలా ఉంటుంది. చుట్టూ నీళ్లే, కానీ ఎండాకాలంలో ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎగదన్నుతుంది. తాగేందుకు టిన్నులు కొనుక్కునే ఇళ్లెన్నో. 2014లో స్వచ్ఛ భారత్ మొదలయ్యాక ఊళ్లలో మరుగుదొడ్లు లేచాయి, మంచిదే. కానీ కుళాయి లేని దొడ్డికి బిందెతో నీళ్లు మోసేదెవరు? ఇంటి ఆడదే కదా! అలాంటి చోట ముందు కావలసింది కుళాయి. షవరు ఆ తర్వాతి మెట్టు.

ప్రయాణాల సంగతి సరేసరి. తాడేపల్లిగూడెంలో పెళ్లంటే పొద్దుట్నుంచీ మంచినీళ్లు ముట్టని ఆడవాళ్లు నాకు చాలామందే తెలుసు. దారిలో వెళ్లాల్సొస్తే ఎలా అన్న భయం! బెంగళూరులో 2020లో అక్కడి ఆర్టీసీ ఒక పాత బస్సునే ఆడవాళ్ల టాయిలెట్‌గా మార్చి కెంపేగౌడ బస్టాండులో పెట్టింది. పాత బస్సుతో అంత చేయగలిగినప్పుడు, మన బస్టాండ్లలో ప్రతి గదికీ నీళ్లొచ్చే కుళాయి పెట్టలేమా? షవర్లు పెడితే విరగ్గొడతారంటారు. సరే, నడుము ఎత్తున ఒక కుళాయి, గొలుసుతో ఒక మగ్గు పెట్టండి, చాలు.

ఇంట్లో పెట్టించుకునేవాళ్లు కొన్ని గుర్తుంచుకోవాలి. గోడకి విడిగా ఒక యాంగిల్ కాక్ పెట్టించి దానికే పైపు బిగించాలి. పనయ్యాక కాక్ కట్టేయాలి. లేకపోతే ఒత్తిడికి పైపు చిట్లి, ట్యాంకంతా ఖాళీ అయ్యే ప్రమాదం ఉంది. ఉప్పునీళ్ల ఊళ్లలో ఇనుప సామాను త్వరగా తుప్పు పడుతుంది. ఇత్తడిదో, గట్టి ప్లాస్టిక్‌దో తీసుకోండి. షవరుని కమోడ్‌లో వేలాడనివ్వకూడదు, మురికినీరు పైపులోకి వెనక్కి లాగే అవకాశం ఉంది. నీళ్లు మెల్లగా, ముందు నుంచి వెనక్కి పోవాలి. లోపలికి కొట్టకూడదు. ఆడవాళ్లకి మూత్రనాళం పొట్టిది కాబట్టి ఇన్‌ఫెక్షన్ త్వరగా పాకుతుంది. కడిగాక పొడిగా తుడుచుకోవడం మర్చిపోవద్దు.

ఇల్లు కట్టేటప్పుడు హాల్లో షోకేసు ఎక్కడుండాలో మనల్ని అడుగుతారు. బాత్‌రూములో కుళాయి ఎంత ఎత్తున ఉండాలో మాత్రం మగవాళ్లూ, ప్లంబరూ మాట్లాడేసుకుంటారు. వాడేదీ కడిగేదీ మనం, ముసలివాళ్లకి సాయం పట్టేదీ మనమే. ఈసారి ప్లంబరు వచ్చినప్పుడు ఆ మాట మీరే చెప్పండి. గొంతు తగ్గించక్కర్లేదు.