బస్తర్ అసీల్: ‘మేలుజాతి’ అంటే ఎవరికి మేలు?

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా కోంటా నుంచి కాస్త ఇవతలికి వస్తే మన చింతూరు. మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంది కానీ, కోళ్లకు అది లేదు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ అసీల్ కోడికి సొంత ప్రాంతాలుగా ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లను నమోదు చేసింది. జిల్లాల లెక్కలో చూస్తే బస్తర్, దంతెవాడ, కోరాపుట్, ఉమ్మడి ఖమ్మం. సంక్రాంతి బరుల్లో అందరూ చూసే పందెం కోడి ఈ జాతిదే. ఈ అటవీ ప్రాంతంలో దాన్ని తరతరాలుగా నిలబెట్టింది ఆదివాసీ కుటుంబాలు.

ఇప్పుడు ఆ జాతిని ‘అభివృద్ధి’ చేయాల్సిన బాధ్యత విశ్వవిద్యాలయాలది. దుర్గ్‌లోని కామధేను విశ్వవిద్యాలయంలో చదివినా, తిరుపతిలోనో రాజేంద్రనగర్‌లోనో చదివినా పశువైద్య విద్యార్థికి జన్యుశాస్త్రం, సంతానోత్పత్తి తప్పనిసరి పాఠాలు. సూత్రం సులువే. ఒక లక్షణాన్ని కొలవాలి, అందులో మెరుగైనవాటిని తల్లిదండ్రులుగా ఎంచుకోవాలి. తర్వాతి తరం ఆ దిశగా జరుగుతుంది. చిక్కంతా ఏ లక్షణాన్ని కొలుస్తున్నాం అన్నదగ్గరే ఉంది.

గుడ్ల లెక్కలో దాగిన నష్టం

అసీల్ పెట్ట పల్లెలో ఏడాదికి 30–40 గుడ్లకు మించి పెట్టదు. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా వందకు పైగా పెడుతుంది. కాగితం మీద చూస్తే పోటీయే లేదు.

కానీ పొదిగే పెట్ట గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. 21 రోజులు పొదుగుతుంది, ఆ తర్వాత వారాల తరబడి పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుంది. అందుకే గుడ్ల సంఖ్య కోసం తరాలపాటు ఎంపిక చేస్తే, తెలియకుండానే పొదిగే గుణాన్ని ఏరిపారేసినట్టవుతుంది. వనరాజాలో ఆ గుణం లేదు. హేచరీకి దగ్గరున్న ఊళ్లకు అది లోటు కాదు. అక్కడ అదనపు గుడ్లు నిజంగానే మేలు చేస్తాయి. కరెంటు నిలవని, రోడ్డు సరిగా లేని ఊళ్లో మాత్రం పొదిగే పెట్టే హేచరీ. అది పోతే ప్రతిసారీ పిల్లల కోసం ప్రభుత్వ పథకం వైపో, వ్యాపారి వైపో చూడాల్సిందే.

ఇది చిన్న విషయం కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 85.18 కోట్ల కోళ్లు, బాతుల వంటి పక్షుల్లో 31.7 కోట్లు పెరటివే. అంతకుముందు గణనతో పోలిస్తే ఇవి దాదాపు 46 శాతం పెరిగాయి.

పుంజులు ఊరు దాటితే

రెండో ప్రమాదం సంతలో ఉంది. బస్తర్ వారపు సంతల్లో కోడిపందేలు మామూలే. బలమైన పుంజుకు మంచి ధర వస్తుంది కాబట్టి ముందుగా అమ్ముడయ్యేది అదే. అంటే ఉత్తమమైనది తన సంతానాన్ని మిగల్చకముందే ఊరు దాటిపోతుంది.

జన్యుశాస్త్రంలో దీనికో లెక్క ఉంది. ఊళ్లో 50 పెట్టలకు రెండే పుంజులు మిగిలితే, జన్యు వైవిధ్యం పరంగా ఆ మంద ఎనిమిది కోళ్లతో సమానం. పుంజులు పది ఉంటే అదే మంద విలువ 33కు చేరుతుంది. ఇంకో ఎనిమిది పుంజులను నిలుపుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పొరుగూళ్ల మధ్య పుంజుల మార్పిడి, అమ్మకానికి ముందు ఒక సీజన్ ఆగే కుటుంబానికి కొంత పరిహారం ఉంటే చాలు.

అసలు ఎంపిక జరగాలంటే ముందు కోళ్లు బతకాలి. కొక్కెర తెగులు ఒక్కసారి వస్తే మందలు తుడిచిపెట్టుకుపోతాయి. టీకా ఉంది, దాన్ని పల్లె దాకా చల్లగా చేర్చడమే కష్టం. ఐదు కోళ్లు మిగిలిన ఇంట్లో ‘మేలైన తల్లిదండ్రుల ఎంపిక’ అన్న మాటకు అర్థం లేదు.

కడక్‌నాథ్ నేర్పేది

దంతెవాడలో కొన్నేళ్లుగా కడక్‌నాథ్ పెంపకాన్ని ప్రోత్సహించారు. ఆ కోడికి భౌగోళిక గుర్తింపు తమకే రావాలని ఛత్తీస్‌గఢ్ వైపు నుంచీ వాదన వచ్చింది. 2018లో ఆ గుర్తింపు మధ్యప్రదేశ్‌లోని ఝాబువాకు దక్కింది. పొరుగు రాష్ట్రపు కోడి కోసం అంత పట్టుబట్టినచోట, సొంత ప్రాంతంగా అధికారికంగా నమోదైన అసీల్‌కు ఆ పట్టుదల కనిపించదు.

దారి లేకపోలేదు. గోదావరి మన్యంలో ‘వాటా’ పద్ధతి ఉంది. ఒకరి పెట్టను మరొకరు పెంచి పిల్లల్ని పంచుకుంటారు. ఆంత్ర అనే స్వచ్ఛంద సంస్థ అక్కడి మహిళలతో కలిసి అసీల్ పరిరక్షణకు ఆ పద్ధతినే ఆసరా చేసుకుంది. విశ్వవిద్యాలయాలు ఇక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. పల్లెనే సంతానోత్పత్తి కేంద్రంగా తీసుకోవాలి. కోళ్లు పెంచే మహిళలతోనే రికార్డులు రాయించాలి. గుడ్లతో పాటు పొదిగే గుణాన్ని, బతికిన పిల్లల సంఖ్యనూ కొలవాలి. అసీల్ సొంత ప్రాంతంలో ఇతర జాతుల పిల్లల పంపిణీకి ముందు మందల పరిస్థితిని అంచనా వేయాలి.

మూడు రాష్ట్రాల కోడి కాస్తా నాలుగు రాష్ట్రాలదైంది. 2014లో ఉమ్మడి ఖమ్మం తెలంగాణకు వెళ్లింది, చింతూరు ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. ఈ నాలుగు రాష్ట్రాల పశువైద్య విద్యాలయాలు కలిసి ఒక్క ఉమ్మడి కార్యక్రమం చేపట్టినా చాలు. ఏ లక్షణాన్ని మెరుగుపరచాలో ముందు ఆ కోడిని పెంచే మహిళను అడగడమే అందులో తొలి పాఠం కావాలి.