కొంటేనే కట్టడి

పాడైన ఫ్రిజ్‌ను మున్సిపాలిటీ చెత్త ఆటోలో ఎవరూ వేయరు. వీధిలోకి వచ్చే పాత సామాన్ల బండికే వేస్తారు. ఆ బండివాడు చేతిలో నాలుగు డబ్బులు పెడతాడు మరి! ఈపాటి లోకరీతి పట్టకుండానే పుష్కరకాలానికి పైగా ఈ-వ్యర్థాల నిబంధనలు రాసుకుంటూ పోతున్నాం. 2012 మేలో తొలి నిబంధనలు అమల్లోకి వచ్చాయి. 2016లో మార్చారు. 2023 ఏప్రిల్ నుంచి మరో కొత్త సంపుటి నడుస్తోంది. జాబితాలోని వస్తువులు 21 నుంచి 106కు పెరిగాయి. వాటిని డబ్బిచ్చి తీసుకునే సర్కారీ కాటా మాత్రం మన వీధుల్లో కనిపించదు.

పాత సామాన్ల కొట్టుకు చేరిన ఫ్రిజ్ గతి చూడండి. ముందుగా కంప్రెసర్ గొట్టం కోస్తారు. లోపలి గ్యాస్ బుస్సుమని గాలిలో కలిసిపోతుంది. ఎన్నో పాత ఫ్రిజ్‌లలో ఉన్న ఆర్-134ఏ వాయువు భూతాపాన్ని పెంచడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా ప్రమాదకరం. తరువాత కంప్రెసర్ పగలగొట్టి రాగి, ఇనుము వేరుచేస్తారు. తలుపుల్లోని నురుగు పలకలకు గిరాకీ ఉండదు కనుక అవి ఊరి చివర ఖాళీ స్థలానికో, డంపింగ్ యార్డుకో పోతాయి. పాత టీవీలో రాగి చుట్ట తీసుకున్నాక, సీసం కలిసిన పిక్చర్ ట్యూబు గాజు కూడా అక్కడికే. వైర్లు ఒలిచే తీరిక లేక తగలబెడితే డయాక్సిన్ల వంటి విషాలు లేస్తాయి. వాటిని మొదట పీల్చేది కాల్చేవాడే.

అలాగని కొట్లపై దాడులు చేసి తాళాలు వేస్తే ఆ మంట ఊరు దాటి వెళ్తుందే తప్ప ఆరదు. ఇంటింటికీ తిరిగి సేకరించే నేర్పు ఈ వ్యాపారులకే ఉంది. అయినా ఇప్పుడు నడుస్తున్న 2022 నిబంధనల నమోదు జాబితాలో వారికి చోటు లేదు. అందులో ఉత్పత్తిదారులు, తయారీదారులు, బాగుచేసేవారు, రీసైక్లర్లు మాత్రమే ఉన్నారు. చెత్తలో కలిసిన ఈ-వ్యర్థాలను వేరుచేసి రీసైక్లర్లకు చేర్చాల్సిన బాధ్యతను మాత్రం పట్టణ స్థానిక సంస్థలపై పెట్టారు. అవి ఏడాదికోసారి ప్రత్యేక డ్రైవ్ అని జెండా ఊపి, ఫొటోలు దిగి చేతులు దులుపుకొంటున్నాయి.

డబ్బెక్కడిదని అడిగేవారికి జవాబుంది. ఉత్పత్తిదారు కంపెనీలు తాము అమ్మిన సరకులో 2025-26, 2026-27లలో 70 శాతానికి, 2027-28 నుంచి 80 శాతానికి సమానంగా రీసైక్లింగ్ చేయించాలి. అందుకు రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొనాలి. గృహోపకరణాల వంటి వాటికి కిలోకు కనీసం 22 రూపాయలు చెల్లించాలని 2024లో కేంద్రం నిర్ణయిస్తే, కొన్ని పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. ఈ కనీస ధరపై కేంద్రం వెనక్కి తగ్గరాదు. భారం కొనుగోలుదారుపై పడుతుందన్న వాదనా నిలవదు. ఇప్పుడా భారాన్ని మోస్తున్నది హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు పక్కన చెడిన నీళ్లతో బతుకుతున్న కాలనీలు. వస్తువు వాడుకున్నవారు దాని అంత్యక్రియల ఖర్చూ పెట్టుకోవడమే న్యాయం.

అయితే ఆ సొమ్ము రీసైక్లర్ దగ్గరే ఆగిపోకూడదు. అందులో నిర్ణీత వాటా సేకరణకు దక్కాలి. జవహర్‌నగర్ నుంచి విశాఖ కాపులుప్పాడ దాకా ప్రతి యార్డు గేటు దగ్గర, ప్రతి చెత్త బదిలీ కేంద్రంలో ఒక కాటా పెట్టి, ధరల పట్టిక వేలాడదీసి, తూకానికి డబ్బిచ్చి కొనాలి. పాత సామాన్ల వ్యాపారులకు గుర్తింపు కార్డులిచ్చి, ఫ్రిజ్, ఏసీ, పిక్చర్ ట్యూబు, బ్యాటరీలను విప్పకుండా తెచ్చి అప్పగిస్తే బయటి బేరం కన్నా రూపాయి ఎక్కువే కట్టివ్వాలి. విప్పడం కన్నా అప్పగించడం లాభమైనప్పుడు గొట్టం కోసే అవసరమే ఉండదు.

శిక్షలూ ఉండాల్సిందే, కానీ పై మెట్టున. కాల్చిన రాగి నల్లబడి ఉంటుంది. వ్యాపారంలో ఉన్నవారు దాన్ని చూడగానే పోల్చుకుంటారు. దాన్ని టన్నుల లెక్కన కొనే గోదాములపై కాలుష్య నియంత్రణ మండళ్లు కేసులు పెడితే, మంట పెట్టేవాడికి గిరాకీ పోతుంది. పొట్టకూటి కోసం తీగ కాల్చే కుర్రాణ్ని పట్టుకోవడం పౌరుషం కాదు.

రెండు తెలుగు రాష్ట్రాల పురపాలక శాఖలు వచ్చే బడ్జెట్లలోనే ఈ కాటాలకు నిధులు చూపాలి. ఏ కేంద్రంలో ఎంత కొన్నారో, ఏ రీసైక్లర్‌కు పంపారో నెలనెలా ప్రకటించాలి. అవేవీ చేయకుండా ప్రజల్లో అవగాహన లేదని నిందించే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.