కురిసేది స్లాబు కాదు, జాయింటు!

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. ఆ తర్వాతి పదేళ్ళలో కొండాపూర్, మియాపూర్, నిజాంపేట వైపు పుట్టగొడుగుల్లా లేచిన అపార్ట్‌మెంట్లలోకి మనవాళ్ళు బోలెడంతమంది లోన్లు పెట్టి మరీ చేరారు. ఆ కట్టడాల్లో చాలావాటికిప్పుడు ఇరవయ్యేళ్ళ వయసు. వానాకాలం రాగానే పై అంతస్తువాళ్ళది ఒకటే మాట: "మా బెడ్‌రూమ్ కురుస్తోందండీ!" కిందివాళ్ళదీ ఒకటే మాట: "మీ నెత్తిమీది స్లాబు, మీరే చూసుకోండి."

ఆ రెండో మాటతోనే నా పేచీ అంతా.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987లో వచ్చిన అపార్ట్‌మెంట్ల చట్టం పునాదులు, స్తంభాలు, మెట్లతో పాటు పైకప్పునీ ఉమ్మడి ఆస్తిలోనే చేర్చింది. పునాది గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళ సొంతం కానట్టే, డాబా కూడా పై అంతస్తువాళ్ళ సొంతం కాదు. ఆరిన బట్టలు తీసుకోడానికి అందరిదీ అయిన డాబా, రిపేరు దగ్గరకొచ్చేసరికి ఒక్కరిది ఎలా అవుతుందండీ?

సరే, న్యాయం సంగతి అలా ఉంచితే అసోసియేషన్లు వెనకాడేది డబ్బు దగ్గర. కాంట్రాక్టర్ వచ్చి డాబా మొత్తానికి వాటర్‌ప్రూఫింగ్ అంటాడు. ఆ కొటేషన్ చూసి అందరూ గప్‌చుప్. ఆ ఏడాదికి ఒక టార్పాలిన్ పరిచి చేతులు దులుపుకుంటారు. ఒక చిన్న బగ్గు కోసం అప్లికేషన్ మొత్తం తిరగరాయాలంటే మన మేనేజరు ఒప్పుకుంటాడా? ముందు బగ్గు ఎక్కడుందో చూడమంటాడు.

గట్టిగా పోసిన స్లాబు మధ్యలోంచి నీళ్ళు దిగడం తక్కువ. దిగేది ఎక్కువగా అతుకుల్లోంచే: పిట్టగోడ స్లాబుని కలిసే మూల, వాననీళ్ళ పైపు మూతి చుట్టూ, రెండు బ్లాకుల మధ్య వదిలిన సందు. లెక్క వేద్దాం. డాబా 100 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు ఉందనుకోండి. మొత్తం 6,000 చదరపు అడుగులు. పిట్టగోడ చుట్టూ పొడవు 320 అడుగులు. ఆ మూల వెంబడి అడుగు వెడల్పున పని చేయిస్తే 320 చదరపు అడుగులు, అంటే సుమారు పంతొమ్మిదో వంతు. అడుగుకి కూలి కాస్త ఎక్కువే పడినా ఇల్లిల్లూ పంచుకుంటే ఎవరికీ భారం కాదు.

ముందు డాబాని కొంచెం కొంచెంగా ఇసుక బస్తాలతో గట్టు కట్టి, నీళ్ళు నిలిపి, కింద ఎక్కడ చెమ్మ వస్తోందో చూడాలి. దొరికిన పగులుని కాస్త వెడల్పుగా చెక్కి, దుమ్ము దులిపి, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపాలి. పిట్టగోడ మూల గుండ్రంగా వచ్చేలా తీర్చి, పైన ఫైబర్ మెష్ పరిచి కోటింగ్ వేయించాలి.

బ్లాకుల మధ్య సందు సంగతి వేరు. మేస్త్రి దాన్ని సిమెంటుతో పూడ్చేస్తానంటే ఒప్పుకోకండి. కాంక్రీటు ఒక డిగ్రీ వేడికి మీటరుకి సుమారు 0.01 మిల్లీమీటరు సాగుతుంది. బ్లాకులు చెరో 40 మీటర్లు ఉండి, వేడి 20 డిగ్రీలు మారితే ఆ సందు దాదాపు 8 మిల్లీమీటర్లు కదులుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, సిమెంటు పూత ఒక లెక్కా! అక్కడ ఫోమ్ తాడు దూర్చి, పైన పాలీయురేథేన్ సీలెంట్ నింపాలి. సీలెంట్ రెండు పక్కలకే అంటుకోవాలి, అడుగుకి అంటకూడదు. అప్పుడే అది రబ్బరులా సాగుతుంది. దానికి మంచి కాలం ఫిబ్రవరి, మార్చి. మే ఎండల్లో సందు ఇరుకవుతుంది. అప్పుడు నింపితే చలికాలంలో లాగేసి ఊడొస్తుంది.

కొత్త ఫ్లాటు కొన్నవాళ్ళకి ఇంకో మాట. 2016 రెరా చట్టం ప్రకారం, తాళాలు చేతికొచ్చిన ఐదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడి మీరు బిల్డర్‌కి తెలియజేస్తే, ముప్ఫై రోజుల్లో అతనే ఉచితంగా సరిచెయ్యాలి. ఫోన్లో చెప్పి ఊరుకోకండి, రాతపూర్వకంగా పంపండి. ఐదేళ్ళూ ఇట్టే గడిచిపోతాయి.

రాయలసీమలో మట్టిమిద్దెలున్నవాళ్ళు వానలకి ముందే పైన చౌడు పోసుకునేవాళ్ళు. మిద్దె కట్టేసి వదిలేస్తే కురుస్తుందని వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మనం మాత్రం ఆర్‌సీసీ అంటే అమృతం తాగి వచ్చిందనుకుంటాం. మెయింటెనెన్స్ డబ్బుల్లో ఏటా కొంత డాబా అతుకులకి పక్కన పెట్టమని వచ్చే జనరల్ బాడీ మీటింగులో అడగండి. ఆ మాట ఎత్తేది గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళయితే మరీ మంచిది.