మన ప్రపోజల్ విన్నపంలా ఎందుకుంటుంది?

ఏడాదిగా మేం కొందరం సీనియర్ స్కాలర్లం ఆదివారాలు హాస్టల్ రీడింగ్ రూంలో కూర్చుని, పీహెచ్‌డీలో కొత్తగా చేరిన దళిత, ఆదివాసీ విద్యార్థుల ఫెలోషిప్ దరఖాస్తులు, పరిశోధన నిధుల ప్రపోజళ్లు చదువుతున్నాం. మొదటి డ్రాఫ్టులు చాలావరకు ఒకేలా మొదలవుతాయి. "మాది నిరుపేద కుటుంబం. మా అమ్మానాన్నలు కూలి పని చేస్తారు. దయచేసి నాకీ అవకాశం కల్పించగలరు." పరిశోధన ప్రశ్న మూడో పేజీలో ఎక్కడో దొరుకుతుంది. కొన్నిసార్లు దొరకదు.

దీన్ని రాతలో లోపంగా చూసి వదిలేస్తే అసలు విషయం అర్థం కాదు. మనం చిన్నప్పటి నుంచి రాసిన దరఖాస్తులేమిటి? కుల ధ్రువీకరణ పత్రం కోసం తహసీల్దార్‌కి, సీటు కోసం హాస్టల్ వార్డెన్‌కి, ఆగిపోయిన స్కాలర్‌షిప్ కోసం సంక్షేమ శాఖకి. అన్నింటికీ ఒకటే నమూనా: "గారికి వ్రాసుకొను విన్నపము." హక్కుగా రావాల్సిన దాన్ని కూడా దయగా అడగాలని ఆఫీసులే నేర్పాయి. అలా రాసి రాసి అలవాటైన చేతికి "మీ పరిశోధన వల్ల ఈ రంగానికి వచ్చే కొత్త జ్ఞానం ఏమిటి" అనే కాలమ్ ఇస్తే పెన్ను ఆగుతుంది. ప్రొఫెసర్ల ఇళ్లలో పుట్టినవాళ్లకి నిధులొచ్చిన ప్రపోజల్ ఎలా ఉంటుందో ఇంట్లోనే తెలుస్తుంది. మనలో చాలామంది చూసే మొదటి ప్రపోజల్ మనం రాసిందే.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్ ఉండాలి. అందులో పరిశోధన, ప్రచురణ నైతికత మీద ఒక కోర్సు తప్పనిసరి. నిధుల కోసం రాయడాన్ని అలా తప్పనిసరి చేయలేదు. దాంతో అది గైడ్ దయ మీద ఆధారపడింది. ఎవరిని ఇంటికి పిలిచి టీ ఇచ్చి డ్రాఫ్ట్ దిద్దుతారో, ఎవరిని కారిడార్‌లో నిలబెట్టే పంపేస్తారో క్యాంపస్‌లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

మేం బడ్జెట్‌తో మొదలుపెడతాం. మనవాళ్లు అవసరమైన దానికంటే తక్కువ అడుగుతారు. ఒక తమ్ముడు పారిశుధ్య కార్మికుల మీద ఏడాది ఫీల్డ్‌వర్క్ చేస్తానని రాసి, ప్రయాణాలకు ఆరు వేలు వేశాడు. ఎలా సరిపోతుందంటే, "బస్సులో పోతానన్నా, చుట్టాలింట్లో ఉంటా" అన్నాడు. రికార్డర్ ఖర్చు లేదు. ఇంటర్వ్యూలు విని టైప్ చేయించే ఖర్చు లేదు. అతనితో కూర్చుని ఒక్కో మనిషిని కలవడానికి ఎన్ని ట్రిప్పులు, గంట రికార్డింగ్‌ని కాగితం మీద పెట్టడానికి ఎన్ని గంటలు అని లెక్కేశాం. లెక్క తేలేసరికి పద్ధతి కూడా తేలింది. 100 మందిని కలుస్తానన్నవాడు 30 మందిని రెండేసి సార్లు కలుస్తానని మార్చుకున్నాడు. మెథడాలజీ అనే మాట ఎత్తకుండానే ఆ పాఠం అయిపోయింది.

ఆ తర్వాత ప్రశ్నని ముందు తెలుగులో చెప్పిస్తాం. "మాదిగ మహిళల సమస్యలు" అంటే అది అంశం మాత్రమే. "తోలు పని పోయిన ఊళ్లలో ఆ ఇళ్ల ఆడవాళ్లు ఏ పనికి మళ్లారు, ఆ పని ఇచ్చిందెవరు?" అంటే ప్రశ్న. ఇంగ్లిష్ తర్వాత చూసుకోవచ్చు.

అసలు చిక్కు ఇక్కడి నుంచే. 2022లో కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాలు మార్చింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సామాజిక అధ్యయనాలకు సంబంధించిన అంశాలకు ఇది వర్తించదని రాసింది. అంబేడ్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పేపర్ భారతదేశంలో కులాల పుట్టుక గురించి. ప్రధానంగా ఎస్సీ విద్యార్థుల కోసం ఉన్న పథకంలో ఆ అంశానికి చోటు లేకుండా చేశారు.

ఇక డబ్బు సంగతి. 2025 జూలైలో ఇదే పథకానికి 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే తాత్కాలిక లేఖలిచ్చారు. మిగతా 66 మందికీ నిధులుంటేనే అన్నారు. వాళ్ల దరఖాస్తుల్లో తప్పేమీ లేదు, ఎంపికయ్యారు కూడా. 1917లో బరోడా స్కాలర్‌షిప్ గడువు ముగిసి అంబేడ్కర్ లండన్ చదువు మధ్యలో వదిలి రావాల్సి వచ్చింది. మళ్లీ వెళ్లడానికి 1920 దాకా పట్టింది, అదీ కూడబెట్టుకున్న జీతంతో, అప్పుతో.

అందుకే టైటిల్‌లో కులం అనే మాట తీసేసి "శ్రామిక చలనం" అని పెట్టుకోమనే సలహా మా గదిలోనూ వినిపిస్తుంది. దీని మీద మాలో మాకే పడదు. టైటిల్ మార్చుకోవచ్చుగానీ ఎవరిని ఏమడుగుతామనేది మార్చకూడదని మాలో ఎక్కువమంది అంటారు. అసలు టైటిల్ కూడా ఎందుకు మార్చాలి, ఆ నిబంధన మీద కొట్లాడాలిగా అని ఒక చెల్లెలు ప్రతివారం లేచి అడుగుతుంది. ఆమెకి గట్టి జవాబు మా దగ్గర లేదు. నిబంధనపై పోరాటం ఏళ్లు పడుతుంది, దరఖాస్తు గడువు నెలాఖరుకే ముగుస్తుంది.

ప్రస్తుతానికి ఒక ఫైలు తయారుచేస్తున్నాం. మావాళ్లవి నిధులొచ్చిన ప్రపోజళ్లు నాలుగు, తిరిగొచ్చినవి పదకొండు ఉన్నాయి. తిరిగొచ్చిన వాటిలో రెండింటికే కారణం రాసి పంపారు. కొత్తగా వచ్చినవాళ్లు ముందు ఆ పదకొండే అడుగుతున్నారు.