కారు ముందా, కాలినడక ముందా?

ఈ సంవత్సరం మా కళాశాల వక్తృత్వ సభలో చర్చకు వచ్చిన అంశం "నగర మధ్యంలో కార్లకు ప్రవేశం ఉండవచ్చునా?" అన్నది. ఉర్దూ విభాగం వారు, తెలుగు విభాగం వారు ఒకే వేదికపై ఎవరి భాషలో వారు వాదించారు. ఉభయ పక్షాలకూ కరతాళ ధ్వనులు సమానంగానే లభించాయి. సభ ముగిసింది గాని చర్చ ముగియలేదు. ఏలనన, మా ఆటస్థలంలో ఒక భాగాన్ని కార్లు నిలుపుకొనుటకు కేటాయించాలన్న ప్రతిపాదన ఇప్పుడు కళాశాల కార్యవర్గం పరిశీలనలో ఉన్నది. కనుక ఈ విషయమై మా అభిప్రాయాన్ని నిస్సంకోచంగా విన్నవించుకోవడం మా ధర్మమని భావిస్తున్నాము.

మొదట మన చార్మినార్‌నే చూద్దాము. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా దానిని నిర్మింపజేసినప్పుడు నాలుగు కమానుల నుండి నాలుగు వీథులు నాలుగు దిక్కులకు సాగాయి. ఆ వీథులు మనుషుల కోసం, పల్లకీల కోసం, గుర్రాల కోసం ఏర్పడినవి. నాలుగు శతాబ్దాల తరువాత ఆ కట్టడం చుట్టూ పొగ చిమ్ముతూ మోటారు వాహనాలు ప్రదక్షిణం చేయసాగాయి. సున్నపు పూత నల్లబడింది. లాడ్ బజారులో గాజులు కొనవచ్చిన తల్లి పిల్లవాని చేయి వదలడానికి భయపడవలసి వచ్చింది. అక్కడ వాహనాలను తొలగించి, రాతిపలకలు పరచి, పాదచారుల ప్రాంగణంగా తీర్చిదిద్దాలన్న పథకం ఏళ్ల తరబడి నానుతూ వచ్చి, ఎట్టకేలకు కొంతమేరకు రూపు దాల్చింది. 2021లో ఆదివారపు సాయంకాలాలు ట్యాంక్‌బండ్‌పైన, ఆ పిమ్మట చార్మినార్ వద్ద వాహనాలు ఆపి జనానికి వీథిని అప్పగించినప్పుడు కుటుంబాలకు కుటుంబాలే తరలివచ్చాయి. తమ నగరంలో తాము నిర్భయంగా నడవగలగడం వారికి పండుగ అయింది. అది పండుగ కావలసిన విషయమా, నిత్యజీవితం కావలసిన విషయమా అన్నదే మా ప్రశ్న.

కారు సౌకర్యమే, దానిని మేము కాదనము. కాని దాని వెల ఎంత? ఆరు లక్షలకు కొన్న కారును పదేళ్లు వాడి లక్షకు అమ్మినామనుకొందాము. ఏడాదికి 50,000 రూపాయలు అక్కడే కరిగిపోతాయి. భీమా, మరమ్మతులు, టైర్లు కలిపి మరి 30,000 వేసుకొందాము. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 15 కిలోమీటర్ల లెక్కన, వంద రూపాయలు దాటిన పెట్రోలుకు సుమారు 70,000 అవుతుంది. వెరసి లక్షన్నర; అనగా నెలకు 12,500, కిలోమీటరుకు 15 రూపాయలు. అప్పు తెచ్చి కొన్నవారికి వడ్డీ అదనం. ఇంత ఖర్చు పెట్టిన ఆ వాహనం రోజులో ఇరవై రెండు గంటలకు పైగా ఎక్కడో ఒకచోట కదలక నిలిచే ఉంటుంది. నిలిచిన ఆ జాగా సాధారణంగా నలుగురిదీ అయిన వీథి.

ఈ లెక్కలో చేరని మరొక వెల కలదు. నేడు ఎన్నో పెండ్లి సంబంధాలలో, ముస్లిం కుటుంబాలలో జహేజ్ పేరిట, హిందూ కుటుంబాలలో కట్నం పేరిట, కారు ఒక కోరిక అయి కూర్చున్నది. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చినది. అయినను వరుడు ఎక్కే కారుకు వధువు తండ్రి వాయిదాలు కట్టడం మనమెరుగని వింత కాదు. చదువుకొన్న యువకులమైన మనమే దీనిని హోదాగా తలచినంత కాలం ఏ చట్టమూ మనలను బాగుచేయలేదు.

ప్రతిపక్షం వారి వాదాన్ని తృణీకరించడం న్యాయం కాదు. వృద్ధులైన తల్లిదండ్రులను ఆసుపత్రికి తీసుకుపోవాలంటే కారు కావలె గదా అని వారన్నారు. రాత్రి ప్రొద్దుపోయి వచ్చే ఆడపిల్లకు బస్సు దొరకదు గదా అన్నారు. నిజమే. 1932లోనే నిజాం రాష్ట్ర రైల్వే వారు 27 బస్సులతో ప్రభుత్వ రవాణాను ప్రారంభించిన నగరం ఇది. మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దాకా వచ్చిన మెట్రో రైలు ఇంకా పాతబస్తీ లోపలికి ప్రవేశించవలసియే ఉన్నది. 2023 డిసెంబరు నుండి తెలంగాణలో స్త్రీలకు బస్సు ప్రయాణం ఉచితమైనది. కాని ఎక్కడానికి కావలసినన్ని బస్సులు ఉన్నప్పుడే ఉచితానికి అర్థము. కనుక ముందు బస్సు, తరువాత నిషేధం అన్నదే మా క్రమము. అంబులెన్సుకు, వికలాంగుల వాహనానికి దారి ఎల్లప్పుడూ తెరచియే ఉండవలెను.

ఇది గాలిలో కట్టిన మేడ కాదు. 1962లో కోపెన్‌హాగన్ నగరంలో స్ట్రోగెట్ అను బజారు వీథిని పాదచారులకే ఇచ్చినప్పుడు వ్యాపారులు బేరాలు పోతాయని భయపడ్డారు. పోలేదు సరికదా, అది ఆ నగరానికే ప్రధాన బజారుగా నిలిచింది. సింగపూరు 1975లోను, లండను 2003లోను నగర మధ్యంలోకి వచ్చే కార్లపై రుసుము విధించాయి. మన దేశంలో 2021లో చాందినీ చౌక్‌లో పగటివేళ మోటారు వాహనాలను నిలిపివేశారు.

అయితే ఒక హెచ్చరిక. వీథి నుండి కార్లను తొలగించే ఉత్సాహంలో తోపుడుబండిని కూడా తొలగిస్తే అది సంస్కరణ కాదు, అన్యాయము. ఇత్తరు అమ్మేవాడు, పండ్లు అమ్మేవాడు, ముత్యాలు గుచ్చేవాడు ఆ వీథికి ప్రాణము. 2014లో వచ్చిన వీథి వ్యాపారుల చట్టం వారి జీవనోపాధికి రక్షణ కల్పించింది. పొగ పోవాలి గాని పొయ్యి ఆరరాదు.

మన దేశంలో కారు ఉన్న కుటుంబాలు నూటికి పదికి లోపే. 2022లో మన రోడ్లపై 1,68,000 మందికి పైగా మరణించగా, వారిలో 32,000 మందికి పైగా కేవలం నడిచి పోతున్నవారు. కొద్దిమంది సౌకర్యానికి వీథి నిండిపోతుంటే, వీథి అంచున నడిచేవాడు ప్రాణం ఒడ్డవలసి వస్తున్నది.

ఇక మా మనవి. పది కార్లు నిలపడానికి, అవి తిరిగే జాగాతో కలిపి, ఒక వాలీబాల్ కోర్టు కన్నా ఎక్కువ స్థలం పడుతుంది. మాలో కారులో వచ్చేవారిని వ్రేళ్లపై లెక్కించవచ్చు. సాయంత్రం బంతి కోసం వేచి ఉండేవారు అనేకులు. ఆటస్థలాన్ని ఆటకే ఉంచి, ద్వారం వద్ద సైకిళ్లకు ఒక నీడపట్టు, బస్సు కోసం వేచి ఉండేవారికి ఒక బల్ల ఏర్పాటు చేయవలసిందిగా కార్యవర్గం వారిని సవినయంగా కోరుతున్నాము. నడవలేని అధ్యాపకులకు, అతిథులకు రెండు కార్ల చోటు ఉంచితే చాలును. చార్మినార్ సంగతి పెద్దలు తేల్చవలసినది. మన ద్వారం సంగతి మనమే తేల్చుకోవచ్చు.